బొమ్మ పెద్దదైన చాలునా?

కొన్ని సంవత్సరములుగా మన షోలాపురములోని తెలుగు కుటుంబములలో పలువురి యిండ్లకు ప్రొజెక్టరు వచ్చి చేరినది. ఒకప్పుడు రేడియోయు, ఆ తరువాత టెలివిజనును వచ్చినట్లే నేడిదియు వచ్చినది. ఆదివారము సాయంకాలము తాతలు, మనుమలు, మేనత్తలు, మేనమామలు ఒక గదిలో చేరి గోడమీద పాత తెలుగు చిత్రములను చూచుచున్నారు. కొన్ని యిండ్లలో ప్రక్కయింటి మరాఠీ కుటుంబమువారును వచ్చి కూర్చుండుట మేము చూచియున్నాము. ఎవరి గదిలో వారు, ఎవరి చేతి ఫోనులో వారు మునిగియున్న యీ దినములలో, ఇంటివారందరును కలిసి ఒక్క బొమ్మను చూచుట సంతోషింపదగిన సంగతియే.

అయితే ఆ బొమ్మ ఎట్లున్నది అని అడుగువారు మాత్రము అరుదు. ఎంత పెద్దది, వెల యెంత, ఎచ్చట కొన్నారు అనియే అడుగుదురు. వస్త్ర వ్యాపారమునుబట్టియు, సంఘ కార్యములనుబట్టియు అనేక గృహములకు పోవుచుండు మాకు కనబడుచున్నదేమనగా, చాల యిండ్లలో యంత్రము పెట్టెనుండి ఏ అమరికతో వెలువడినదో నేటికిని ఆ అమరికతోనే నడచుచున్నది. నాయకుని ముఖము గుమ్మడికాయవలె అడ్డముగా సాగియుండును. అమావాస్య రాత్రి బూడిదరంగులో ఉండును. తెల్లని పంచె మడతలన్నియు మాయమై సున్నపు ముద్దవలె తోచును. "చవుక యంత్రము, ఇంతకన్న ఏమి వచ్చును?" అని సరిపెట్టుకొనుచున్నారు. యంత్రమునందు లోపము కొంత ఉండవచ్చును. కాని అధికభాగము అశ్రద్ధయే. పైకము ఒక్క కాసు అదనముగా వెచ్చింపక, అరగంట సేపు ఓపికతో కూర్చున్నచో అదే యంత్రము ఎంతో మేలైన బొమ్మను చూపగలదని మా దృఢాభిప్రాయము.

ఇంత చిన్న విషయమునకు మన పత్రికలో చోటా యని కొందరు నవ్వవచ్చును. వారికి మా సమాధానమిది. మన పూర్వులు తెలంగాణ పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని యిచటికి వచ్చి తరములు గడచినవి. మన పిల్లలలో అనేకులు మరాఠీలోనో, ఇంగ్లీషులోనో చదువుచున్నారు. బజారులో మరాఠీయు, హిందీయు, కన్నడమును వినబడును. ఇంటిలో తెలుగు మాట చెవిని పడుచునే యున్నది గాని, తెలుగు అక్షరము కంటబడుట అరుదైనది. శుభలేఖమీదను, దేవుని పటము క్రిందను, ఈ వారపత్రికలోను తప్ప మన లిపి వారికి కనబడు తావేది? ఒకటి కలదు. పాత చిత్రముల ఆరంభమున వచ్చు పేర్ల పట్టిక. చేతివ్రాతతో తీర్చిన పెద్ద పెద్ద అక్షరములు తెరనిండ వచ్చును. తాత పైకి చదువును, మనుమరాలు వెంట చదువును. ఇది రుసుము లేని బడి. ఆ బడిలో పలక మసకబారినను, అక్షరము సగమే కనబడినను పిల్లలు నేర్చునదేమి? కాబట్టి ఇది వినోదమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు.

మొట్టమొదట బొమ్మ ఆకారమును గూర్చి చెప్పెదము. 'పాతాళభైరవి' (1951), 'మల్లీశ్వరి' (1951), 'మాయాబజార్' (1957) మున్నగు చిత్రముల చట్రము వెడల్పు నాలుగు పాళ్లయినచో ఎత్తు దాదాపు మూడు పాళ్లు. తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రమైన 'అల్లూరి సీతారామరాజు' (1974) చట్రము మిక్కిలి వెడల్పైనది. నేటి ప్రొజెక్టరు చట్రమో, పదునారు పాళ్ల వెడల్పునకు తొమ్మిది పాళ్ల ఎత్తు. మూడును మూడు పన్నాల బట్టలు. చిన్న పన్నా బట్టను లాగి పెద్ద పన్నా చేయ యత్నించినచో నేత చెడును. బొమ్మయు అంతియే.

రిమోటులో 'ఆస్పెక్ట్ రేషియో' అను నొక అమరిక యుండును. అచ్చట 'ఫుల్' లేక 'స్ట్రెచ్' అనునది పెట్టినచో పాత బొమ్మ మూడింట ఒకవంతు అడ్డముగా సాగును. సావిత్రి ముఖమైనను, రంగారావు విగ్రహమైనను ఆ సాగుడుకు నిలువజాలవు. 'జూమ్' పెట్టినచో సాగదు గాని, పైనను క్రిందను కలిపి బొమ్మలో నాలుగవవంతు తెగిపోవును. మన లిపికి దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. తలకట్టు పైన నుండును, వత్తు క్రింద నుండును. అడుగు పంక్తికి అంచు తెగినప్పుడు మొదట పోవునది వత్తే. 'అక్క' అని వ్రాసినది 'అక' యగును. పిల్లవాడు దానినే సరియనుకొనును. 'ఓవర్‌స్కాన్' అను మరియొక అమరికయు ఇట్లే నాలుగు అంచులను కొంచెము కొంచెముగా కత్తిరించును, దానిని ఆపివేయవలెను. 'ఆటో' అనియో 'నార్మల్' అనియో ఉన్నదానిని ఎన్నుకొన్నచో బొమ్మ తన సహజాకారములో నిలుచును. ఇరుప్రక్కల నల్లని పట్టీలు మిగిలినవని చింతింప నక్కరలేదు. దుప్పటికి అంచు ఉన్నదని దుప్పటి తగ్గినదని ఎవరైన అందురా?

మరియొక సంగతి. ఇంటర్నెట్టులో దొరకు పాత చిత్రముల ప్రతులలో కొన్ని ముందే సాగదీసినవి, కొన్ని ముందే కత్తిరించినవి. సాగదీసినదానిని '4:3' అను అమరికతో తిరిగి సరిచేయవచ్చును. కత్తిరించినదానిని ఏ యంత్రమును పూడ్చజాలదు. మరియొక ప్రతిని వెదకికొనవలసినదే.

ఇక చీకటిని గూర్చి. ప్రొజెక్టరు వెలుతురును మాత్రమే విసరగలదు. నలుపును విసరు యంత్రము ఇంతవరకు పుట్టలేదు. బొమ్మలో నల్లగా ఉండవలసినచోట యంత్రము తన వెలుతురును వీలైనంత అడ్డగించును. అప్పుడచ్చట గోడ ఎంత చీకటిగా నున్నదో అంత నలుపే మనకు కనబడును. గదిలో ట్యూబులైటు వెలుగుచుండగా నలుపు రమ్మన్న ఎట్లు వచ్చును? కాబట్టి వెలుతురు యంత్రమిచ్చునది, చీకటి గది యిచ్చునది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనుమని మన పెద్దల సామెత. ఇచ్చట మాత్రము దీపమార్పిన తరువాతనే బొమ్మను చక్కబెట్టుకొనవలెను. కిటికీకి మన షోలాపురము దుప్పటి నొకదానిని రెండు మడతలు వేసి కట్టినచో అదియే చక్కని తెర.

గోడయు ముఖ్యమే. నీలము కలిపిన సున్నపు గోడమీద బొమ్మ నీలి వన్నె నొందును. పచ్చని గోడమీద పచ్చనగును. తళతళలాడు రంగు వేసిన గోడ నడుమ నొక మెరుపు మచ్చను చూపును. మెరుగు లేని తెల్లని సున్నపు గోడ ఉత్తమము. దుప్పటి కట్టువారు అది ముడుతలు లేక బిగువుగా నుండునట్లును, వెనుకకు వెలుతురు జారిపోకుండ నల్లని బట్ట నొకటి వెన్నుగా నుండునట్లును చూడవలెను.

యంత్రమును గోడకు ఎదురుగా, సమముగా, తగిన ఎత్తున నుంచవలెను. ప్రక్కనో క్రిందనో వాలుగా పెట్టి, పలక వంకరపోగా 'కీస్టోన్' మీటతో దిద్దుట చాలమందికి అలవాటైనది. ఆ దిద్దుబాటు ఊరక వచ్చునది కాదు. యంత్రము తన చుక్కలలో కొన్నిటిని వదలివేసి, మిగిలినవానితో బొమ్మను క్రొత్తగా అల్లును. అందువలన అక్షరముల అంచులు మెత్తబడును. బల్ల క్రింద రెండు ఇటుకలు పెట్టుట దానికన్న మేలు. కటకమునే జరుపు సదుపాయము ఉన్న యంత్రములలో దానిని వాడుకొనుట నిరపాయకరము. యంత్రము ఇరువది, ముప్పది నిమిషములు వెలిగి వేడెక్కిన పిమ్మట ఫోకసును మరియొకమారు చూడవలెను. పిల్లలు కటకములోనికి సూటిగా చూడకుండ కాపాడుట పెద్దల విధి.

తరువాతది బొమ్మ 'మోడు'. 'వివిడ్', 'డైనమిక్', 'బ్రైట్' అను పేర్లతో మొదటనే కన్ను చెదరగొట్టు అమరికలు ఉండును. అవి దుకాణములో పది దీపముల నడుమ గిరాకీని పిలుచుటకు పనికివచ్చును. వానిలో వెలుతురు హెచ్చించుటకొరకు వన్నెల పొందికను త్యాగము చేయుదురు. అందుచే అనేక యంత్రములలో తెలుపు ఆకుపచ్చ ఛాయకు తిరుగును. మేము ఇరువది సంవత్సరములకు పైగా బట్టలమ్ముచున్నాము. చీర రంగును దుకాణపు దీపము క్రింద నిర్ణయింపరాదని, వాకిటికి తెచ్చి పగటి వెలుతురున విప్పి చూడవలెనని మా యొద్ద కొనవచ్చు ప్రతి అమ్మకును తెలియును. చీరకు చూపు ఆ జాగ్రత్తను బొమ్మకేల చూపరాదు? చీకటి గదిలో 'సినిమా' అను మోడునే ఎన్నుకొనవలెను. మొదట అది కొంచెము మందముగాను, పసుపుగాను తోచును. నాలుగు దినములు చూచిన పిమ్మట పాత మోడునకు మరలినచో అదే నీలముగా కనబడి వెగటు పుట్టించును. కన్నునకు అలవాటే గురువు.

ఆ మోడులో సరిచేయవలసినవి ముఖ్యముగా రెండు. ఒకటి 'బ్రైట్‌నెస్', రెండవది 'కాంట్రాస్టు'. ఈ పేర్లే జనులను త్రోవ తప్పించుచున్నవి. 'బ్రైట్‌నెస్' అనునది నిజముగా నలుపును నిర్ణయించు మీట. 'కాంట్రాస్టు' తెలుపును నిర్ణయించునది. బొమ్మ మందముగా నున్నదని మొదటిదానిని పెంచుకొనుచు పోయినచో వెలుతురు పెరుగదు. నలుపంతయు బూడిదయై బొమ్మ వెలిసిన బట్టవలె నగును.

దీనికి మేము బట్టతోనే పరీక్ష చెప్పెదము. రాత్రి దృశ్యమొకటి నిలిపి, నల్లని శాలువనో, తలవెండ్రుకలనో చూడుడు. 'బ్రైట్‌నెస్' తగ్గించుకొనుచు రాగా శాలువ మడతలు మాయమై ఒకే నల్లని మచ్చ యగును. అప్పుడు మెల్లగా పెంచుచు, మడతలు లీలగా కనబడగానే ఆపుడు. తరువాత పగటి దృశ్యమొకటి నిలిపి తెల్లని పంచెను చూడుడు. 'కాంట్రాస్టు' పెంచగా పంచె మడతలు కరగిపోవును. తగ్గించుచు రాగా మడతలు మరల వచ్చినచోట ఆపుడు. ఒకటి మార్చినచో రెండవది కొంత కదలును గనుక మరియొకమారు రెంటిని చూచుకొనవలెను. నల్లబట్టలో మడత, తెల్లబట్టలో మడత రెండును కనబడినచో సగము పని తీరినట్లే.

వన్నెల విషయమున 'కలర్ టెంపరేచర్' అనునది ప్రధానము. చిత్రములను చూచుటకు ప్రమాణముగా గ్రహింపబడిన తెలుపు 6500 కెల్వినుల తెలుపు. చాల యంత్రములలో 'వార్మ్' అనునది దానికి దగ్గరగా నుండును, 'కూల్' అనునది నీలమునకు తిరుగును. దీనికి ఒరగల్లు నలుపు తెలుపుల చిత్రమే. 'మాయాబజార్'నకు రంగులద్దిన ప్రతి 2010లో వెలువడినది. కోరినవారు దానిని చూడవచ్చును. కాని యంత్రమును పరీక్షించుటకు 1957 నాటి నలుపు తెలుపుల ప్రతి మేలు. మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణమున వెన్నెల వెన్నెలగానే యుండవలెను. అందులో నీలమో, ఆకుపచ్చయో తొంగిచూచినచో యంత్రము వన్నె తప్పినదని తెలియును. ఆ పిమ్మట రంగుల చిత్రము పెట్టి, 'కలర్' మీటను ముఖచ్ఛాయనుబట్టి నిలుపవలెను. మన తొలి పూర్తి నిడివి రంగుల చిత్రమైన 'లవకుశ' (1963) దానికి చాలును. కుంకుమబొట్టు అంచు దాటి నుదుటిమీదికి ప్రాకినట్లున్నచో రంగు మితిమీరినదని యెరుగుడు.

'షార్ప్‌నెస్' పెంచిన అక్షరము స్ఫుటమగునని భ్రమింతురు. అది లేని వివరమును తేజాలదు. అంచు చుట్టు నొక తెల్లని గీతను చేర్చును, అంతే. ఆ గీత మాయమగువరకు తగ్గింపవలెను. చిత్రములు సెకనుకు 24 బొమ్మల చొప్పున తీయబడినవి. కొన్ని యంత్రములు రెండు బొమ్మల నడుమ తామే మరికొన్ని బొమ్మలను కల్పించి నడకను నున్నగా చేయును. అందువలన పౌరాణిక చిత్రము కూడ నిన్నటి పెండ్లి వీడియోవలె తోచును. 'మోషన్' అను పేరుగల ఆ సదుపాయమును ఆపుట మంచిది.

ఇది యంతయు విని మా మిత్రులలో కొందరు రెండు ఆక్షేపణలు చెప్పుచున్నారు. మొదటిది: "పెద్దలకు చూపు మందము, వారికి వెలుతురు ఎక్కువ కావలెను." ఇది త్రోసివేయరాని మాట. కాని వెలుతురు పెంచు సరియైన మార్గము వేరు. బొమ్మను చిన్నది చేయుడు. ఎనిమిది అడుగుల వెడల్పు బొమ్మను నాలుగు అడుగులకు తగ్గించినచో అదే వెలుతురు నాలుగవవంతు చోటులో పడి నాలుగింతలు ప్రకాశించును. పెద్దలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. దీపమును మందగింపజేయు 'ఎకో' అమరిక యున్నచో ఆ పూటకు తీసివేయుడు. గాలి రంధ్రముల జల్లెడలో ధూళి దులుపుడు. నూలు పీచు ఎగురు మన యిండ్లలో ఇది మరియు అవసరము. ఇవి చేయక బొమ్మను గోడనిండ పరచి, వన్నె చెడగొట్టుట పెద్దలకు ఉపకారము కాదు.

రెండవది: "ఎవరి యిల్లు, ఎవరి కన్ను, వారి యిష్టము, ఇందులో సంఘమునకేమి పని?" ఇష్టమును మేము కాదనము. కాని ఇష్టపడుటకు ముందు ఎన్నుకొనవలెను గదా! యంత్రము చేసినవాడు పెట్టిన అమరికనే ఎన్నడును ముట్టక చూచుట యిష్టమెట్లగును? ఛాయాగ్రాహకుడును, కళాదర్శకుడును, అక్షరములు తీర్చిన చిత్రకారుడును ఎంతో శ్రమించి ఒక కొలతలో, ఒక వన్నెలో ఆ బొమ్మను మనకప్పగించిరి. ఒక్కమారైన దానిని ఉన్నదున్నట్లు చూచి, అటుపైన మన రుచికి మార్చుకొనుట న్యాయము. ప్రక్కయింటివారితో కలిసి 'శ్యామ్‌చీ ఆయీ' (1953) చూచినప్పుడును ఈ న్యాయమే. ఎవరి భాషా చిత్రమైనను సాగదీసి చూచుట ఆ భాషకు మర్యాద కాదు.

వర్తకులముగా కొనుగోలును గూర్చి ఒక మాట చెప్పక మానలేము. పెట్టెమీద ముద్రించిన 'ల్యూమెన్' అంకెలను గ్రుడ్డిగా నమ్మరాదు. ఆన్సి పద్ధతిలో తెరమీద తొమ్మిదిచోట్ల వెలుతురును కొలచి సగటు కట్టుదురు. ఆ పేరు లేకుండ వేలకొలది ల్యూమెన్లని వ్రాసినది గజము చెప్పి మూర కొలచుటయే కావచ్చును. అట్లే '1080 సపోర్టు' అన్న ఆ కొలత బొమ్మను యంత్రము స్వీకరించునని మాత్రమే యర్థము, చూపునని కాదు. 'నేటివ్ రిజల్యూషన్' ఎంత అని అడిగి, వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. మన అంగళ్లలో తూకము చూచి సరకు తీసికొను మనము ఇచ్చట మాత్రము కండ్లు మూసికొనుట తగదు.

ఇక చేయవలసిన పని. ప్రతి యింటను ఒకరు, విద్యార్థియైన కుమారుడో కుమార్తెయో, ఈ బాధ్యత వహింపవలెను. చీకటి గదికొక అమరిక, పగటికొక అమరిక చేసి 'యూజర్' అను చోట భద్రపరచి, అంకెలను ఒక చీటిమీద వ్రాసి యంత్రము క్రింద అంటింపవలెను. ఒక యింటి అంకెలు మరియొక యింటికి పనికిరావు. యంత్రము వేరు, గోడ వేరు. తలకొక మీట నొక్కుట మానవలెను. మన సంఘమువారు ఒక సాయంకాలము సభాభవనములో రెండు యంత్రములను ప్రక్కప్రక్కన పెట్టి, సరిచేసినదానిని, చేయనిదానిని చూపింపవలెనని కార్యవర్గమునకు విన్నవించుచున్నాము. యువకులు నలుగురు ముందుకు వచ్చినచో, అడిగినవారి యిండ్లకు పోయి సరిచేసి యిచ్చు ఏర్పాటును చేయవచ్చును. దీనికి చందా వసూలు అక్కరలేదు.

మన పెద్దలు ఈ ఊరిలో నేతకు పేరు తెచ్చిరి. ఒక పోగు తెగినను మగ్గమాపి అతికినవారు వారు. వారి మనుమలు వత్తు తెగిన అక్షరమును చూచి ఊరకుండరాదు. ఈ ఆదివారము చిత్రము మొదలుపెట్టుటకు ముందు అరగంట కేటాయింపుడు. దీపమార్పి, ఆకారమును సరిచేసి, నలుపు తెలుపులను నిలిపి, పేర్ల పట్టిక వచ్చినప్పుడు పిల్లలచేత పైకి చదివింపుడు. ఏ అక్షరము ఎవరికి కనబడలేదో వారే చెప్పుదురు.